అలలు తిరిగిన చేవ

కచేరీ ముగిశాక బయట చెప్పులు వెతుక్కుంటూ మనవాళ్లు మాట్లాడుకునే మాటలు మీరూ వినే ఉంటారు. "తోడి బాగా పలికించింది", "తానం ఇంకాస్త సాగితే బాగుండును", "ఆ పిల్ల గురువెవరో!", "అంతా ఆ మైకు పాడుచేసింది" - ఇలా ఉంటాయి. ఆ వీణకు కర్ర ఎక్కడినుంచి వచ్చిందని అడిగిన మనిషిని మాత్రం నేనింతవరకు చూడలేదు. చీర కొంటే ఏ ఊరి నేత అని అడుగుతాం. వంకాయలు కొంటే ఏ తోటవని అడుగుతాం. మామిడిపండు సంగతి సరేసరి, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పందే బుట్ట దింపనివ్వం. పాడే కర్ర దగ్గరికి వచ్చేసరికి మనకు చెట్టే గుర్తు రాదు.

వాద్యం చేసేవాడికి మొదటి బెంగ అదే. శ్రుతి, నాదం, నగిషీ అన్నీ తర్వాతివి. ముందు మంచి కర్ర ఇచ్చే మనిషి దొరకాలి. "ఇది ఫలానా చెట్టు, ఇన్నేళ్ల వయసుది, కొట్టి ఇన్నాళ్లయింది" అని అతను చెబితే నమ్మేలా ఉండాలి. సంగీత చరిత్రల్లో మహారాజుల పేర్లుంటాయి, విద్వాంసుల పేర్లుంటాయి, అరుదుగా చేసిన వడ్రంగి పేరూ ఉంటుంది. దుంగ మోసుకొచ్చినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఆ పేరులేని మనిషి వెంట కాస్త దూరం నడిచి చూద్దామని నా ప్రయత్నం.

నడక వేంపల్లె నుంచే మొదలుపెడతాను. ఇది ఊరిమీది మమకారం అనుకోకండి, కారణం ఉంది.

వేంపల్లె పేరు సంగీత గ్రంథాల్లో కనిపించకపోయినా భూగర్భశాస్త్ర గ్రంథాల్లో స్థిరంగా ఉంది. కడప ప్రాంతపు అతి పురాతనమైన రాతిపొరల్లో ఒకదానికి శాస్త్రజ్ఞులు 'వేంపల్లె' అనే పేరు పెట్టారు. అది చేరిన పొరల సముదాయానికి మన పాపాఘ్ని నది పేరు పెట్టారు. కన్నడ దేశంలో పుట్టిన ఆ నది గండి దగ్గర కొండను చీల్చుకుని బయటపడి, వేంపల్లె పక్కగా సాగి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. గండి ఆంజనేయస్వామి దర్శనానికి శ్రావణ శనివారాల్లో వెళ్లేవాళ్లు తలెత్తి చూస్తే కనిపించే కొండల వరుస అక్కడితో ఆగదు. ఆగ్నేయంగా సాగి సాగి తిరుమల దాకా పోతుంది. ఆ రాతినేలలో, ఆ వానలేని ఎండలో, ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టొకటి పెరుగుతుంది. ఎర్రచందనం. కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం సీమల కొండల్లో తప్ప మరోచోట దానికి పుట్టిల్లు లేదు. మంచి నల్లరేగడి ఇచ్చి నీళ్లు పోసి పెంచుతామంటే దానికి గిట్టదు. నీరు నిలవని రాతిసందుల్లోనే దాని చేవ గట్టిపడుతుంది. మన సీమ మనుషుల్లాంటిదే అని నేనంటే స్వోత్కర్ష అంటారేమో!

పేరుకే చందనం, దానికి వాసన లేదు. మంచిగంధానికీ దీనికీ చుట్టరికమూ లేదు. ఉన్నదల్లా రంగు, బరువు. బాగా చేవ పట్టిన ముక్కను నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఆ ఎరుపు నీళ్లలో అంతగా దిగదు గాని సారాలో చక్కగా దిగుతుంది. అందుకని కొన్ని వందల ఏళ్లపాటు మన తీరం నుంచి ఓడలెక్కి పోయింది ఈ రంగు కోసమే. ఉన్ని బట్టలకు అద్దారు. మధ్యయుగాల ఇంగ్లండులో వంటవాళ్లు కూరల్లో, తీపి వంటకాల్లో ఎర్రదనం కోసం ఈ పొడి కలిపేవారట. మనం పసుపు వేసినట్టు! మన ఇళ్లల్లో మటుకు అది సానమీద అరగదీసి వాపులకు పట్టువేసే మందు. బొమ్మలకొలువులో పెట్టే ఎర్రచెక్క జంట బొమ్మలూ దీనివే.

ఇక వాద్యం మాటకొస్తే, అది మన దగ్గర కాదు, జపానులో.

జపానువాళ్లకు షామిసెన్ అని మూడు తంత్రుల వాద్యం ఉంది. చైనా నుంచి ర్యూక్యూ దీవుల మీదుగా పదహారో శతాబ్దంలో అక్కడికి చేరింది. వాళ్ల కబుకి నాటకాలకూ, బొమ్మలాటలకూ అదే ప్రాణం. దాని డొక్క చిన్నది, చర్మం బిగించినది. మెడ సన్నగా పొడుగ్గా ఉంటుంది. మన వీణకున్నట్టు మెట్లుండవు. వేళ్లు నేరుగా కర్రమీదే నొక్కుతాయి, జారతాయి. రోజుకు గంటలకొద్దీ అలా వేళ్లూ గోళ్లూ రాసుకుంటుంటే మామూలు కర్ర గుంటలు పడుతుంది. కొద్దిగా వంగినా శ్రుతి పోతుంది. అందుకని అరగని, వంగని చేవ కావాలి. వాళ్లు అన్నిటికంటె మేలైనదిగా ఎంచుకున్న కర్రను 'కోకి' అంటారు. కో అంటే ఎరుపు, కి అంటే మాను. అది మన ఎర్రచందనమే! అందులోనూ చేవలో అలలు తిరిగిన ముక్కకు విలువ ఎక్కువ. వెలుతురు పడితే నీటిమీద గాలి వీచినట్టు మెరుస్తుందది. ఆ మెడను మూడు భాగాలుగా చేసి, విప్పి పెట్టెలో పెట్టుకునేలా అతుకుతారు. ఖరీదైన వాటిలో ఆ అతుకుల గాడి లోపల బంగారు రేకు వేస్తారంటే ఆ కర్రకు వాళ్లిచ్చే మర్యాద ఎంతటిదో ఊహించుకోండి. పెద్దదైన కోటో వాద్యానికి ఒళ్లంతా తేలిక కర్ర వాడినా, మేలురకపు వాటికి అంచులు ఈ ఎర్రచందనంతోనే. చైనావాళ్లు తమ రెండు తంత్రుల ఎర్హూకు దీన్ని వాడతారు. చింగ్ చక్రవర్తులు సింహాసనాలూ బల్లలూ చేయించుకున్నారు. బీజింగులో ఈ కలప పేరుమీద ఒక మ్యూజియమే ఉంది, 1999లో తెరిచారు.

క్యోటోలో ఒక అమ్మాయి షామిసెన్ మీద వేలు జార్చినప్పుడు ఆ వేలికింద ఉన్నది మా కొండల రాతిమీద ఎండకు ఎండిన మాను అని తెలిసిననాడు నాకు నిద్ర పట్టలేదు. సంతోషమేనా అంటే పూర్తిగా సంతోషం కాదు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఫిడేలు కథ చూద్దాం. మన కర్ణాటక సంగీతంలోకి ఫిడేలును తెచ్చినవారిలో ముందుగా చెప్పుకునేది ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల్ని. మన తెలుగునాట ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది పూర్తిగా మనదైపోయింది. 1919లో విజయనగరం సంగీత కళాశాల పెట్టినప్పుడు విద్యార్థిగా చేరబోయిన ఆయనను ఆచార్యుడుగా తీసుకున్నారన్నది అందరూ ముచ్చటగా చెప్పుకునే సంగతి. వాద్యం మనదైంది గాని కర్ర మనది కాలేదు. పై పలక స్ప్రూసు, వెనక పలక మేపుల్. రెండూ మంచుకొండల చెట్లు.

ఇటలీలో క్రెమోనా అనే చిన్న ఊళ్లో స్ట్రాడివారి (1644-1737) చేసిన ఫిడేళ్లు ఇవాళ కోట్ల ధర పలుకుతున్నాయి. ఆయనకు స్ప్రూసు ఆల్ప్స్ కొండల్లోని ఫియెమ్మె లోయ నుంచి వచ్చిందని చెబుతారు. అక్కడి పానెవెజ్జో అడవికి 'పాడే అడవి' అనే పేరు. చలికాలంలో, చెట్టులో పసరు తగ్గినప్పుడు కొట్టేవారు. రంపంతో కోయడం కంటె మేకు దిగ్గొట్టి నారవెంట చీల్చడం మేలు. ఎందుకంటే శబ్దం నారవెంట పరుగెడుతుంది. నారను అడ్డంగా తెగ్గోస్తే ఆ పరుగు ఆగిపోతుంది. తేలిగ్గా ఉండాలి, గట్టిగానూ ఉండాలి. ఆ రెండు గుణాలూ ఒకచోట కుదరడమే కష్టం, మనుషుల్లోనూ అంతే. ఆయన రోజుల్లో యూరపులో చలి విపరీతంగా ఉండి చెట్లు నెమ్మదిగా పెరిగాయనీ, ఆ వలయాల దగ్గరితనమే నాదరహస్యమనీ 2003లో ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ఊహించారు. ఆ తర్వాత కొన్నేళ్లకే పేరుమోసిన విద్వాంసుల కళ్లకు నల్ల అద్దాలు పెట్టి పాతవీ కొత్తవీ వాయించమంటే, ఎక్కువమంది కొత్తవే బాగున్నాయన్నారు! రహస్యం సంగతి అలా ఉంచండి. ఆ వలయాలను లెక్కపెట్టి, ఆయన చేసిన వేర్వేరు ఫిడేళ్లు కొన్ని ఒకే చెట్టునుంచి వచ్చాయని తేల్చారు. అంటే నచ్చిన దుంగ దొరికితే ఆయన ముక్క వదలకుండా దాచుకున్నాడన్నమాట. ఊరగాయకు మంచి కారం దొరికినప్పుడు మనమూ అంతేగా.

మేపుల్ సంగతి ఇంకా రసవత్తరం. అది బోస్నియా నుంచి వెనిస్ రేవుకు వచ్చేది, ఓడల తెడ్ల కోసం. బోస్నియా అప్పుడు తురుష్కుల చేతిలో ఉంది. వెనిస్‌కూ తురుష్కులకూ ఎప్పుడూ యుద్ధమే. వాళ్లు కావాలని, అలలు తిరిగిన కర్రనే ఏరి పంపేవారట. నార వంకర కాబట్టి యుద్ధంలో తెడ్డు పుటుక్కున విరగాలని! ఆ మోసపు సరుకులోంచి ఫిడేలు చేసేవాళ్లు తమకు కావలసిన అందాన్ని ఏరుకున్నారని ఫిడేలువాళ్ల లోకంలో కథ చెబుతారు. నిజమెంతో గాని, నాకు మాత్రం ఈ కథ మహా ఇష్టం. జపానులో అలకు అంత విలువ, ఇక్కడ అదే అల శత్రువు పంపిన చెడు సరుకు.

ఇక కమాను. పద్దెనిమిదో శతాబ్దం చివర పారిస్‌లో తూర్త్ అనే ఆయన కమానుకు ఇప్పటి రూపం ఇచ్చాడు. అందుకు ఎంచుకున్న కర్ర బ్రెజిల్ అడవుల పెర్నంబుకో. దాని కథ మన ఎర్రచందనానికి కవలపిల్లలాంటిది. అది కూడా మొదట రంగుచెక్క. అంతకుముందు తూర్పుదేశాల నుంచి యూరపుకు వెళ్లిన పతంగి చెక్కకు 'బ్రెజిల్' అని పేరుండేది. అవతలి ఖండంలో అలాంటి ఎర్రచెట్టే కనబడేసరికి దానికీ ఆ పేరే పెట్టారు. ఆఖరుకి దేశానికే ఆ పేరు స్థిరపడింది. కొట్టీ కొట్టీ ఇప్పుడు ఆ అడవి ఆనవాళ్లే మిగిలాయి. 2007లో దాన్ని అంతర్జాతీయ రక్షణ జాబితాలోకి ఎక్కించారు. 2022లో ఆంక్షలు ఇంకా బిగించాలని బ్రెజిల్ ప్రతిపాదిస్తే ప్రపంచంలోని కమానులవాళ్లంతా గగ్గోలు పెట్టారు, చివరికి మధ్యేమార్గంగా ఏదో సర్దుకున్నారు.

మన దగ్గర పాత ఇళ్లల్లో అటకమీది ఫిడేలు దింపి లోపలికి తొంగిచూస్తే 'స్ట్రాడివారియస్, క్రెమోనా' అన్న చీటీ కనబడటం కద్దు. చూసినవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. ఆగక్కర్లేదు. జర్మనీలో సాక్సనీ ప్రాంతపు ఊళ్లల్లో వేలకు వేలు ఫిడేళ్లు చేసి, అందులో ఈ చీటీ అంటించి దేశదేశాలకూ పంపారు. చీటీ చూసి కర్రను నమ్మేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి అంటించేవాళ్లూ ఉంటారు.

మన వీణ చేసేవాడికి చీటీలతో పని లేదు. అతనికి కావలసింది పనస. పనసమాను మొదట పచ్చగా ఉండి, ఏళ్లు గడిచినకొద్దీ తేనెరంగుకు తిరుగుతుంది. చెద అంతగా పట్టదు. కుండకు కావలసినంత తేలిక, దండికి కావలసినంత బలం రెండూ ఉన్నాయి. తంజావూరు రఘునాథ నాయకుడు పదిహేడో శతాబ్దంలో వీణకు ఇరవైనాలుగు మెట్లు స్థిరం చేయించాడని ప్రసిద్ధి. మన తెలుగు కవిరాజే ఆయన. అక్కడి వీణలకు పణ్రుట్టి వైపు పనస పేరుమోసింది. మనకు బొబ్బిలి ఉంది. బొబ్బిలి అనగానే 1757 నాటి యుద్ధమే మనకు గుర్తొస్తుంది గాని, ఆ పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు తరతరాలుగా వీణలు చెక్కుతున్నారు. మొత్తం వీణను, కుండా దండీ యాళీతో సహా, ఒకే దుంగలోంచి తొలిచి తీయడం వారి ప్రత్యేకత. ఏకాండి వీణ అంటారు. అతుకులేని వీణ కావాలంటే అతుకులేని పనస కావాలి. నిలువెత్తు పొడవున కన్ను లేకుండా, పుచ్చు లేకుండా, లావైన మాను దొరకాలి. కాయలు కాసే చెట్టును ఏ రైతు కొట్టనిస్తాడు? ముసలిదై కాపు మానేసినా, తుపానుకు పడినా, ఇంట్లో పెళ్లి వచ్చినా అప్పుడు అమ్ముతాడు. వీణవాడు ఆ కబురు కోసం చెవులు రిక్కించుకుని ఉండాలి. తలుపులూ ద్వారబంధాలూ చేసేవాడు అతని కంటె ముందే వచ్చి ఎక్కువ ధర ఇచ్చేస్తాడు. ఆనాటి మాన్లు అరుదవడంతో, షాపుల్లో కానుకలుగా అమ్మే చిట్టివీణల మీదనే అక్కడి చాలామంది బతుకు గడుస్తున్నది. చిట్టివీణ అల్మరాలో అందంగానే ఉంటుంది లెండి, పలకదంతే.

కర్ర ఎలా గుర్తుపడతారని మా వేంపల్లెలో ఒక పెద్దాచారిని అడిగాను. ఆయన వాద్యాలు చేసేవాడు కాదు. బండిచక్రాలు చేసిన చెయ్యి, ఇప్పుడు తలుపులు చేస్తున్నది.

"ఏముందమ్మా, బాడిశ మడమతో కొట్టి ఇనేది. ఖంగుమంటే చేవ. బొదబొదమంటే నీళ్లుండాయి, లేకపోతే లోపల తొర్ర" అన్నాడు.

"మరి అడితివాడు ఆరిన కర్రే అని చెబితే?"

"వాడు చెప్తాడు. వాడిది అమ్మకం. నేను గోడనీడన ఏడాది పెట్టి చూస్తా. నెర్రెలిచ్చిందా, పొయ్యిలోకి. మా నాయన అమాస ముందర కొట్టిన మానే కొనేటోడు. పున్నమికి కొట్టింది పురుగు పడతాదని."

"అమావాస్యకే కొట్టారని ఎలా తెలుస్తుంది ఆచారీ?"

ఆయన నవ్వాడు. "అది తెలియకనే కదమ్మా, మానిషిని పట్టుకునేది. మా నాయన ఒక్కడి దగ్గరే కొన్నాడు, వాడు సచ్చినంక వాడి కొడుకు దగ్గర."

ఆల్ప్స్ కొండల వడ్రంగులు కూడా చంద్రుడి వృద్ధిక్షయాలు చూసే చెట్టు కొట్టేవారని నేను చెబితే ఆయన ఆశ్చర్యపడలేదు. "యాడైనా మాను మానే కదా" అని మళ్లీ చిత్రిక పట్టుకున్నాడు.

ఆచారిగారి పద్ధతి ఊరికి సరిపోతుంది. కర్ర సముద్రం దాటితే సరిపోదు. అమెరికాలో పేరుమోసిన గిబ్సన్ గిటార్ల కంపెనీ మీద 2009లోనూ 2011లోనూ ప్రభుత్వాధికారులు దాడులు చేశారు. మొదటిసారి మడగాస్కర్ ఎబొనీ గురించి, రెండోసారి మన దేశం నుంచి వెళ్లిన ఎబొనీ, రోజ్‌వుడ్ ముక్కల గురించి. పంపినది పూర్తయిన సరుకా, వట్టి కోసిన కలపా అన్నది పేచీ. వాళ్ల లేసీ చట్టం 1900 నాటిది, 2008లో దాన్ని చెట్లకూ వర్తింపజేశారు. కర్ర పుట్టిన దేశపు చట్టాన్ని అతిక్రమించినా కొన్నవాడిదే తప్పు అంటుందది. 2012లో మడగాస్కర్ కర్ర విషయంలో మూడు లక్షల డాలర్ల జరిమానా కట్టి కంపెనీ రాజీ పడింది. తర్వాత 2017లో రోజ్‌వుడ్ జాతి మొత్తం అంతర్జాతీయ ఆంక్షల కిందికి వచ్చింది. సరిహద్దు దాటే గిటారుకల్లా కాగితం అడిగేసరికి గాయకులు లబలబలాడారు. 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు.

ఎర్రచందనాన్ని 1995లో ఆ జాబితాలో చేర్చారు. చెట్టు కొట్టడానికీ తరలించడానికీ మన ప్రభుత్వపు నిషేధాలు అంతకుముందే ఉన్నాయి. రవాణా నిబంధనలు 1969 నాటివి. చెట్టు దొరకదు, కావాలనేవాళ్లు కోట్లమంది. ఆ రెంటి మధ్య ఏం పుడుతుందో చెప్పాలా? 2013 డిసెంబరులో తిరుమల కొండల్లో ఇద్దరు అటవీ అధికారులను కూలీలు కొట్టి చంపారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన ఇరవైమంది చనిపోయారు. గొడ్డలి పట్టుకోవడం తప్ప వేరే జీవనం లేక కొండెక్కే మనుషులు వాళ్లు. ఆ దుంగ ఏ దేశం పోతుందో, బల్ల అవుతుందో, పూసలదండ అవుతుందో, షామిసెన్ మెడ అవుతుందో వాళ్లకు తెలియదు. నిజం చెప్పాలంటే, పోయే దుంగల్లో వాద్యాలకు చేరేది చాలా స్వల్పం. మెడకు కావలసినది మూరెడో బారెడో చేవ. చాలావరకు ఆస్తిపరుల ఇళ్లల్లో కుర్చీలవుతున్నది. అయినా ఆ అలలు తిరిగిన ముక్క ఎంత శ్రావ్యంగా పలికినా, అది ఏ దారిన వచ్చిందో చెప్పే మనిషి లేకపోతే ఆ పాట నేను హాయిగా వినలేను. పైన నిద్రపట్టలేదన్నది ఇందుకే.

వాయించేవాళ్లకూ ఈ బాధ లేకపోలేదు. సక్రమంగా వచ్చిన కర్ర కావాలనే అనుకునేవాళ్లున్నారు. 2019లో సొంత పొలంలో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి మన ప్రభుత్వం దారి తెరిచింది. 2004 నుంచి ఈ వ్యాపారం మీద ఉంచిన ప్రత్యేక సమీక్షనుంచి 2023 నవంబరులో మన దేశాన్ని తప్పించారు. ఈ కబురుతో పొలం గట్లమీద మొక్కలు నాటినవాళ్లకు కాస్త ధైర్యం వచ్చింది. అటు ఫియెమ్మె లోయలోనూ కష్టమే వచ్చింది. 2018 అక్టోబరు చివర ఒక పెనుగాలి ఆ పాడే అడవిలో వేలాది చెట్లను ఒక్క రాత్రిలో పడగొట్టింది. వాద్యాలకు పనికొచ్చే దుంగలు చెడిపోకముందే ఏరి దాచుకోవడానికి నానా తంటాలు పడ్డారు.

మొన్న పులివెందుల దారిలో ఒక రైతు గట్టుమీద వరుసగా ఎర్రచందనం మొక్కలు చూసి బస్సు దిగినంత పని చేశాను. తర్వాత వేరే పనిమీద ఆ రైతే ఇంటికొస్తే అడిగాను, చేవ ఎప్పటికి పడుతుందని.

"ముప్పై ఏండ్లంటారు, నలభై అంటారు. మా మనవడికి" అన్నాడు.

"ఎవరికి అమ్ముతారు?"

"ఎవురికేందమ్మా? ఎవురొస్తే వానికే. నువ్వు చెప్పిన ఆ జపానోడు వస్తాడేమో కనుక్కో, ఇప్పుడే పేరు రాయించుకుంటా. కాకుంటే గట్టు తగాదా ఒకటుండాది. మొక్కలు నావా, పక్కోనివా అని మొదలు అది తేలాల."